పొద్దున ఉండవల్లి, సాయంత్రం దీవి

డిసెంబరులో బెజవాడ ఎండ హాయిగా ఉంటుంది. మే నెలలో గుమ్మం దాటమంటే దండం పెట్టే మనకి, ఊరు చూడాలంటే ఇదే అదను. హైదరాబాద్ నుంచి అక్కావాళ్ళు రావడంతో శనివారం పొద్దున్నే బయల్దేరాం. ముందు గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ (జనం ఉన్నా సరే, ఆగి తినాల్సిందే), తర్వాత ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి.

నన్నడిగితే ఈ చుట్టుపక్కల ఫస్ట్ మార్కు ఉండవల్లి గుహలకే. కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచేశారు. కింది అంతస్తు పని సగంలో ఆపేసినట్టుంటుంది, స్తంభాల మీద ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి. మా మేనల్లుడు వాటిని లెక్కపెడతానని కూర్చుని ఎంతకీ కదలడే! పైన శేషశయనుడి గదిలో చీకటి. ఎండలోంచి లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడదు. కళ్ళు కాస్త అలవాటు పడ్డాక, ఐదు మీటర్లకు పైగా పొడవున్న విగ్రహం కొంచెం కొంచెంగా తెలుస్తుంది. అంతా ఏకశిల. బయటికొస్తే రాతి ఋషులు వరసగా పచ్చటి పొలాల వైపు చూస్తూ కూర్చుని ఉంటారు. "ఎక్కగలవా అమ్మా?" అంటే, "తిరుపతి కొండెక్కినదాన్ని, ఇదెంతే" అంది అమ్మ. ఎక్కింది కూడా. కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద లాన్‌లో చెట్టు నీడన కూర్చోవడమే మేలు. పది దాటితే రాయి వేడెక్కుతుంది, అందుకే పెందలాడే వెళ్ళండి.

సాయంత్రం పున్నమి ఘాట్ నుంచి పడవలో భవానీ ద్వీపం. 133 ఎకరాల దీవి, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత చోటు. నాకైతే దీవి కన్నా పడవే నచ్చింది. నీళ్ళ మీంచి ఇంద్రకీలాద్రి, బ్యారేజీ ఒకేసారి కనిపిస్తాయి. 2024 సెప్టెంబరు వరదల్లో ఈ దీవి మునిగింది కూడా, కాబట్టి వానాకాలంలో అయితే పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని వెళ్ళాలి.

మా ఇంట్లో చోటు చాలక అక్కావాళ్ళు బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో దిగారు. గది శుభ్రంగానే ఉంది గానీ, హైవే వైపు కావడంతో లారీల మోతకి రాత్రంతా నిద్ర లేదు. పైగా వేడినీళ్ళు పొద్దున ఎనిమిదింటి వరకేనని మర్నాడు చెప్పారు! ఆ ఏరియాలో దిగితే వెనకవైపు గదే అడగండి.

ఆదివారం బందరు రోడ్డులో బాపు మ్యూజియం. 1921లో ఇక్కడ జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లోనే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడు కూడా ఇక్కడే ఉన్నాడు. పెద్దవాళ్ళకి కదలబుద్ధి కాదు, పిల్లలకి అరగంటకే బోర్.

వాళ్ళకోసం చివర్లో రాజీవ్ గాంధీ పార్కు. పూలమొక్కలు, ఆటలు, మామూలు పార్కే. కాకపోతే బస్టాండు దగ్గరే కాబట్టి, సామాన్లు కార్లోనే ఉంచి, బస్సు టైమయ్యేదాకా పిల్లల్ని ఆడుకోనిచ్చాం.