ట్రిప్లికేన్‌లో కెనెడీ కాలం దొరికే కొట్టు

అమెరికా–సోవియట్ ప్రచ్ఛన్నయుద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్లు చెన్నై ట్రిప్లికేన్‌లో భారతి సాలై దగ్గర సందులో ఉన్న ఈ పాత పుస్తకాల కొట్టుకు తప్పకుండా వెళ్లాలి. బోర్డు లేదు. జిరాక్స్ షాపు పక్కన మెట్లెక్కాలి. ఓనరు నెల్లూరాయన, తెలుగులోనే బేరమాడొచ్చు.

నేను కొన్నది 1962 జులై–డిసెంబరు ఇంగ్లీషు వారపత్రికల బైండు. పన్నెండు వందలు చెప్పి, "మీరైతే చదువుతారు సార్, తొమ్మిది వందలివ్వండి" అన్నారు.

మిగతా చోట్ల సినిమా వేరు, రాజకీయం వేరు అని విడదీసి అమ్ముతారు. ఈయన మాత్రం తేదీల వరస చెడనివ్వరు. అదెంత మేలో అక్టోబరు సంచికలు తిప్పితే తెలుస్తుంది. 20న చైనా మన మీద విరుచుకుపడింది. 22న క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని అమెరికా అధ్యక్షుడు కెనెడీ టీవీలో చెప్పాడు. ఒక పేజీలో క్యూబా చుట్టూ అమెరికా నౌకా దిగ్బంధం మ్యాపు, పేజీ తిప్పితే నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) కొండల్లో మన జవాన్లు. ఆ వారం ఈ ఊళ్లో పేపరు చదివినవాళ్లకు రెండు భయాలూ ఒక్కసారే వచ్చిపడ్డాయి! చరిత్ర పుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు కాబట్టి నాకు ఇన్నాళ్లూ ఇలా తట్టనే లేదు.

అయితే ఈ బైండు ఒక్కటే చాలదు. టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులు తీసేస్తామని అక్టోబరు 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌కు రహస్యంగా మాటిచ్చిన సంగతి, నవంబరు 19న వైమానిక సాయం కోరుతూ నెహ్రూ కెనెడీకి రాసిన ఉత్తరాల సంగతి తర్వాతెప్పుడో బయటికొచ్చాయి. పక్కన మంచి చరిత్ర పుస్తకం పెట్టుకుని చదవండి. క్యూబా మీద బాంబులేద్దామని సేనాధిపతులు పట్టుబట్టినా ఆగిన కెనెడీ అంటే నాకు గౌరవం. వియత్నాంలో సైనిక సలహాదారుల్ని వెయ్యిలోపు నుంచి పదహారు వేల దాకా పెంచిందీ ఆయనే, అది మాత్రం మింగుడుపడదు.

లోపాలూ ఉన్నాయి. కుట్టు బిగువుకి లోపలి వైపు అక్షరాలు కనబడవు. 1963 బైండులో కెనెడీ హత్య నాటి ఫోటోలు ఎవరో కత్తిరించేశారు, కొట్టువాళ్లు ముందుగా చెప్పలేదు. అడిగితే డబ్బు వెనక్కిచ్చారు. కొనేముందు పేజీలన్నీ తిప్పి చూసుకోండి. బెర్లిన్ గోడ లేచిన 1961 ఆగస్టు సంచికలు కూడా వచ్చాయట, ఇంకా బైండు కాలేదు. కావాల్సినవాళ్లు ముందే చెప్పి ఉంచుకోవాలి.