ఒక్క హబ్ కోసం అరెండ్స్‌విల్ దాకా

మా గరాజ్‌లో ఒక ఎర్ర ట్రాక్టర్ ఏడాదిగా మూడు చక్రాల మీదా ఒక చెక్క దిమ్మ మీదా నిలబడి ఉంది. వీల్ హార్స్ సీ-120, డెబ్భైల నాటి బండి, 12 హార్స్‌పవర్ కోహ్లర్ ఇంజన్. మన ఊళ్లలో పొలం దున్నే ట్రాక్టర్ కాదు, ఇక్కడ అమెరికాలో పెద్ద పెరడున్న వాళ్లు గడ్డి కోయడానికి, చలికాలం మంచు తొయ్యడానికి వాడుకునే గార్డెన్ ట్రాక్టర్. ఆయిల్ సీల్ మారుద్దామని వెనక చక్రం హబ్ (చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ముక్క) ఊడదీయబోతే తుప్పుకి ఇరుసుని కరుచుకుని కదల్లేదు, నేను ఓపిక లేక దాన్ని లాగి ఊడదీసే పుల్లర్ ఇంకో చుట్టు బిగించాను, పోత ఇనుము కదా, టప్పుమని చీలింది. హబ్బులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ ఫోటో చూసి కొంటే లోపల కీ-వే (ఇరుసు మీద హబ్ జారకుండా కీ కూర్చునే గాడి) అరిగిందో లేదో తెలియదు. అందుకని జూన్‌లో వీల్ హార్స్ కలెక్టర్స్ క్లబ్ వాళ్లు పెన్సిల్వేనియాలోని అరెండ్స్‌విల్‌లో పెట్టే షోకి వెళ్లొచ్చాం, నేనూ మా తోడల్లుడూ.

"అన్నయ్యా, ఇనప ముక్క కోసం రెండొందల మైళ్లా?" అన్నాడు. అన్నాడు గానీ డ్రైవింగ్ చేసింది అతనే.

విడిభాగాల కోసం ఏకంగా ఒక పాత బండే కొనేద్దామన్న ఆశతో ట్రైలర్ కూడా అద్దెకి తీసుకున్నాం. ఇది నా తప్పు. మూడు రోజుల అద్దె, పైగా ఆ ట్రైలర్‌తో గంటకి 55 మైళ్లు దాటకూడదన్నారు, దాంతో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మామూలుగా మూడున్నర గంటల దారి మాకు ఐదు గంటలు పట్టింది. తీరా దారిలో కాఫీకి ఆగి చూస్తే ట్రైలర్‌కి కుడి ఇండికేటర్ వెలగట్లేదు. అద్దెకిచ్చిన షాపుకి ఫోన్ చేస్తే వెనక్కి తీసుకురమ్మన్నారు! ఎర్త్ వైర్ బిగించిన స్క్రూ కింద తుప్పు గీకితే వెలిగింది, అయిదు నిమిషాల పని. మీరు తీసుకునేటప్పుడు మాత్రం షాపు దగ్గరే అన్ని లైట్లూ వేయించి చూసుకోండి.

దారి బాగుంటుంది. 78వ నంబరు హైవే మీద హారిస్‌బర్గ్ వైపు వెళ్లి, అక్కడ 15 సౌత్ ఎక్కి, హైడ్లర్స్‌బర్గ్ దగ్గర దిగి 234వ నంబరు రోడ్డు పట్టుకుంటే బిగ్లర్‌విల్, తర్వాత అరెండ్స్‌విల్. అన్నీ ఆపిల్ తోటలే. షో జరిగే సౌత్ మౌంటెన్ ఫెయిర్‌గ్రౌండ్స్ ఊరు దాటాక వస్తుంది, అక్టోబర్‌లో ఆపిల్ పండుగ చేసేది కూడా ఆ మైదానంలోనే. జూన్‌లో ఆపిల్స్ ఉండవు గానీ రోడ్డు పక్క బల్లల మీద చెర్రీలు అమ్ముతుంటారు.

లోపలికి వెళ్లగానే ఎటు చూసినా ఎరుపే. యాభైల నాటి బుల్లి ఆర్జే-35ల నుంచి టోరో పేరుతో వచ్చిన చివరి బళ్ల దాకా చెట్ల కింద వరసలు కట్టి ఉన్నాయి. ఎల్మర్ పాండ్ అనే ఆయన 1946లో ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఇంటి గరాజ్‌లో మొదలుపెట్టిన పని ఇది, కొడుకు సెసిల్ పెద్ద కంపెనీ చేశాడు, 1974లో అమెరికన్ మోటార్స్ కొంది, 1986లో టోరో చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆ పేరుతో కొత్త బళ్లు రావు కాబట్టి ఉన్నవాటినే తోమి తోమి బతికించుకోవాలి. కొందరు అద్దంలా రంగు వేసి తెస్తారు, కొందరు తుప్పు మీద నూనె పూసి ఎలా ఉన్నది అలాగే తెస్తారు. నాకైతే రెండో రకమే నచ్చుతుంది, సీటు దగ్గర పాత యజమాని కట్టుకున్న తీగ కూడా కనపడాలి.

మొదటి రోజే ఒక టార్పాలిన్ మీద హబ్ దొరికింది, పాతిక డాలర్లు. కీ-వే చూశాను, బావుంది, కొనేశాను. విరిగిన హబ్ ముక్కలు కారులోనే ఉన్నాయి, తెచ్చి పక్కన పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఆ రాత్రి గెటిస్‌బర్గ్‌లో మోటెల్. పేరు చెప్పను. ట్రైలర్‌కి చోటుందని వెబ్‌సైట్‌లో ఉంది, వెళ్తే చెత్త డబ్బా పక్కన అడ్డంగా పెట్టుకోమన్నారు. ఏసీ మా పాత పంపుసెట్టులా కొట్టుకుంది, వేడినీళ్లు రావడానికి పావుగంట, దానికి 149 డాలర్లు. నిద్ర పట్టక కొన్న హబ్బునీ విరిగినదాన్నీ మంచం మీద పెట్టి చూస్తే కన్నం చిన్నది! పాత మోడళ్లకి ఇరుసు అంగుళం, మా బండికి అంగుళం ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. ఆ నూలు తేడా నాకు తెలుసు, తెలిసీ కొన్నాను. తోడల్లుడు పడీపడీ నవ్వాడు.

తెల్లారి మళ్లీ అదే టార్పాలిన్ దగ్గరికి. అక్కడ అమ్మే పెద్దాయనకి ఎనభై ఉంటాయేమో, మాట్లాడకుండా వ్యాన్‌లోంచి సరైన సైజుది తీసిచ్చి, పైన పది డాలర్లు తీసుకుని, నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ముందు సెట్ స్క్రూ పూర్తిగా తియ్యి, తుప్పు వదిలే నూనె రోజూ పోస్తూ ఉండు, పుల్లర్ బిగించి రాత్రంతా అలాగే వదిలెయ్, పొద్దున హబ్బుని వేడి చేసి సుత్తితో తట్టు, అంతేగానీ ఒకే రోజులో ఊడాలని చూడకు అన్నాడు. ఏడాది కింద విని ఉంటే బాగుండేది.

పక్కనే 300 డాలర్లకి ఒక సీ-120 అమ్మకానికి ఉంది, ట్రైలర్ కూడా ఉంది కదా అని మనసు లాగింది. పెద్దాయన వచ్చి వంగి చూసి ఇంజన్ పక్కన వేలు పెట్టి చూపించాడు, క్రాంక్‌కేస్‌కి, అంటే ఇంజన్ బయటి డొక్కకి, వెల్డింగ్ మచ్చ. ఈ కోహ్లర్ కే301లో అదురు తగ్గడానికి బాలెన్స్ గేర్లు పెట్టారు, అవి విరిగితే కేసుకే కన్నం పడుతుంది. వదిలేశాను. ఇంజన్ విప్పినవాళ్లలో చాలామంది వాటిని అసలు తిరిగి పెట్టరు.

తిండి సంగతి. మాంసం తినేవాళ్లకి ఇబ్బంది లేదు, కాల్చిన చికెన్ వాసన మైదానమంతా ఉంది. ఆ రోజు శనివారం, మా తోడల్లుడు శనివారం ముట్టడు, అతనికి బంగాళాదుంప వేపుళ్లు తప్ప ఏమీ లేవు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర లేకపోతే గొడవైపోయేది.

రెండో రాత్రి మోటెల్ రద్దు చేసి తోటల మధ్య ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. 165 డాలర్లు, కానీ ట్రైలర్‌ని కొట్టం ముందు హాయిగా పెట్టుకున్నాం, పొద్దున పాన్‌కేకులు, ఇంట్లో చేసిన ఆపిల్ బటర్. ఫోన్ సిగ్నల్ మాత్రం సున్నా. జూలై 1 నుంచి 3 దాకా అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగిన రోజులు, వాటిని తలుచుకోడానికి జనం వస్తారు కాబట్టి, జూన్ చివర్లో వెళ్లేవాళ్లు గది ముందే చూసుకోవాలి.

పిల్లలతో వెళ్తారా, అయితే ఇది కాదు, ఆగస్టులో పెన్సిల్వేనియాలోనే కిన్జర్స్‌లో రఫ్ అండ్ టంబుల్ అనే పాత యంత్రాల సంఘం వాళ్ల థ్రెషర్‌మెన్స్ రీయూనియన్‌కి వెళ్లండి. నిరుడు వెళ్లాం, పొగ కక్కే ఆవిరి ఇంజన్లు చూసి మా పిల్లలు కదల్లేదు, దగ్గర్లోనే స్ట్రాస్‌బర్గ్ రైలు కూడా ఉంది. నా బండికి కావలసిన ముక్క మాత్రం అక్కడ ఒక్కటీ కనపడలేదు.

ఆదివారం ఖాళీ ట్రైలర్ లాక్కుంటూ, హబ్ ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాం. ఇరుసుకి ఎమరీ కాగితం కొట్టి, మళ్లీ కరుచుకోకుండా యాంటీ-సీజ్ పూసి తోస్తే చేత్తోనే ఎక్కింది. చెక్క దిమ్మ మాత్రం ఇంకా బండి కిందే ఉంది, రెండో వైపుకి మార్చాను, అటు సీల్ కూడా కారుతోంది. రోజూ రాత్రి నాలుగు చుక్కల నూనె పోస్తున్నా, ఇవాళ్టికి తొమ్మిదో రోజు, ఇంకా కదల్లేదు.