ఉదయం దినపత్రిక: పదేళ్లు చదివిన హన్మకొండ పాఠకుడి అభిప్రాయం

మా ఇంట్లో ఉదయం పేపరు మొదట్నుంచి మూతపడేదాకా వేయించుకున్నాం. దాసరి నారాయణరావు గారు 1984 డిసెంబరు చివర్లో మొదలుపెట్టారు, సంపాదకులు ఏబీకే ప్రసాద్ గారు. సరిగ్గా ఆ నెలలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లోనే మా హన్మకొండలో పీవీ నరసింహారావు గారి మీద చందుపట్ల జంగారెడ్డి గెలిచారు. దేశం మొత్తమ్మీద బీజేపీకి వచ్చిన రెండు సీట్లలో ఇదొకటి కాబట్టి ఊళ్లో ఎవరి నోట విన్నా రాజకీయాలే, పేపరు కోసం కొట్టుకునేవాళ్లు.

నాకు ఉదయం మీద గురి కుదిరింది మాత్రం కారంచేడు అప్పుడు. 1985 జులై 17న ప్రకాశం జిల్లాలో ఆ ఊరి దళితుల మీద దాడి చేసి చంపారు. అంతకుముందు ఆ ఊరు పేరే వినని మేము, రోజూ అక్కడి సంగతి ఏమైందని వెతుక్కునేవాళ్లం. నాయన వాకిట్లో కూర్చుని గట్టిగా చదివేవాడు. పక్కింటి తాతకు చదువు రాదు, ఒక్కో వార్త అయిపోగానే "మళ్లొక్కసారి సదువు బిడ్డా" అని రెండోసారి చదివించుకునేవాడు, పేర్ల దగ్గర ఆపి ఎంత వయసని అడిగేవాడు.

అదే ఏడాది సెప్టెంబరు 3న మా వరంగల్లోనే పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లో కాల్చి చంపారు. అలాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు పోలీసు ప్రకటన ఒక్కటే వేసే పేపరు సరిపోదు. చనిపోయినవాడి తల్లి ఏమంటున్నదో కూడా తెలియాలి. ఆ తేడా నాకు ఉదయంలో కనబడింది, అందుకే మానలేదు.

ఊరి వార్తలకు ఎం.ఎస్. ఆచార్య గారి వరంగల్ వాణి ఉండేది. జనధర్మ వారపత్రిక కూడా ఆయనదే. ఇప్పుడు రెండూ లేవు. ఒద్దిరాజు సోదరులు 1922లోనే ఇనుగుర్తి అనే పల్లెలో కూర్చుని తెనుగు పత్రిక నడిపిన జిల్లా మాది, అందుకే ఈ మాట రాస్తుంటే బాధగా ఉంది.

తర్వాత ఉదయం మాగుంట సుబ్బరామిరెడ్డి గారి చేతికి వెళ్లింది. కె. రామచంద్రమూర్తి గారు సంపాదకులుగా ఉన్న రోజుల్లోనూ ఇష్టంగానే చదివాం. మనమిచ్చే పేపరు ధర న్యూస్‌ప్రింట్‌కే చాలదు, యాడ్స్ రావాలి, లేదా యజమాని వేరే వ్యాపారం నుంచి పోస్తుండాలి. మాగుంట వాళ్లది మద్యం వ్యాపారం. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, ఆ ఏడాదే పేపరు ఆగిపోయింది, డిసెంబరు 1న ఒంగోలులో సుబ్బరామిరెడ్డి గారినీ కాల్చి చంపారు. పాఠకులు లేక మూతపడిన పేపరు కాదని మాత్రం నేను గట్టిగా చెప్తాను.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ తగ్గించిన అర కూడా మధ్యలో ఆగిపోయినందుకే. ఇంట్లో పాత సంచికలు ఉన్నవాళ్లు దయచేసి కిలోల లెక్కన అమ్మేయకండి. అది చవక కాగితం, పచ్చబడి మడతల దగ్గర పొడిపొడిగా రాలిపోతుంది, లామినేషన్ చేయిస్తే ఇంకా పాడవుతుంది. ముందు ఫోన్‌తోనైనా పేజీ మొత్తం, తేదీ కనబడేలా ఫొటో తీసి, తర్వాత 1904 నుంచి ఉన్న మన హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి లైబ్రరీలో తీసుకుంటారేమో అడగండి.