రోగి భోజనం: గడుల పళ్ళెమా, విడి గిన్నెల ట్రేనా?

ఆసుపత్రి వంటలో ఉప్పు, కారం, నూనె తగ్గించక తప్పదు. నాలుకకు ఇవ్వలేనిది కంటికైనా ఇవ్వాలి. తిండి సరిగ్గా లోపలికి వెళ్ళకపోతే గాయం త్వరగా మానదు, ఒంట్లో కండ కరిగిపోతుంది. అందుకే వడ్డన కూడా వైద్యంలో భాగమేనని నా గట్టి నమ్మకం.

గడుల స్టీలు పళ్ళెం కింద పడ్డా పగలదు, మరిగే నీళ్ళలో కడగొచ్చు, ట్రాలీలో దొంతరగా పేర్చొచ్చు. వందల మందికి ఒకేసారి వడ్డించే పెద్దాసుపత్రికి ఇవి చిన్న సుగుణాలు కావు. కానీ పళ్ళెం కాస్త వంగితే సాంబారు పొర్లి కూరలో కలుస్తుంది. మూత లేకపోతే వార్డు చివరి మంచానికి చేరేసరికి అంతా చల్లారిపోతుంది. పెద్ద గడి నిండా గుట్టగా పోసిన అన్నం చూడగానే, ఆకలి చచ్చిన మనిషికి ‘అమ్మో, ఇంతా!’ అని టెన్షన్ మొదలవుతుంది.

మూత బిగించిన ఫాయిల్ డబ్బా ఐసొలేషన్ గదికి సరే, వాడి పారేయొచ్చు. మిగతావాళ్ళకు నేను ఒప్పుకోను. ఆవిరికి ఇడ్లీ తడిసి ముద్దవుతుంది. సెలైన్ సూది ఉన్న చేత్తో ఆ మూత తీయడమూ కష్టమే.

మూతలున్న చిన్న గిన్నెల ట్రేలో పప్పు వేడిగా, పెరుగు చల్లగా, దేనికది ఉంటుంది. అన్నం ఒక్క గరిటె పెట్టి, అడిగితే మళ్ళీ వడ్డించొచ్చు. షుగరు, కిడ్నీ రోగులకు కొలత తప్పదు. ఎంత మిగిలిందో నర్సుకు చూడగానే తెలుస్తుంది. ఖర్చు, కడిగే పని మాత్రం ఎక్కువ.

ప్లేటు రంగును ఎవరూ పట్టించుకోరు. ఇడ్లీ, పెరుగన్నం, బ్రెడ్డు, పాలు, రోగికి మనం పెట్టేదంతా తెలుపే. తెల్ల ప్లేటులో పెడితే శుక్లాలున్న పెద్దవాళ్ళకు అన్నం ఎక్కడుందో, అంచు ఎక్కడుందో తెలియదు. అల్జీమర్స్ ముదిరిన తొమ్మిది మందికి తెల్లవాటి బదులు ముదురు ఎరుపు ప్లేట్లు, కప్పులు ఇచ్చి చూస్తే సగటున ఆహారం 25 శాతం, ద్రవాలు 84 శాతం ఎక్కువ తీసుకున్నారని 2004లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించారు. చిన్న అధ్యయనమే. అయినా ముదురు నీలం కూడా పనిచేసిందనీ, లేత రంగులు పనిచేయలేదనీ అందులో తేలింది. నేనైతే ముదురు నీలమే కొనమంటాను. ఎర్ర ట్రేని, బ్రిటన్ ఆసుపత్రుల్లో లాగా, తినడానికి సాయం కావాల్సిన రోగికి గుర్తుగా ఉంచుకోవచ్చు.

అలంకరణ పేరుతో తినలేనిదేదీ పెట్టొద్దు. పక్షవాతంతో మింగడం కష్టమైనవాళ్ళకు పోపులోని కరివేపాకు రెబ్బ కూడా గొంతుకు అడ్డం పడొచ్చు. వాళ్ళకు మెత్తగా ఉడికించి మెదిపిన క్యారెట్, బీట్‌రూట్ చాలు, రంగు దానంతటదే వస్తుంది.

నా ఓటు విడి గిన్నెల ట్రేకే. అంత డబ్బు లేని చోట గడుల పళ్ళెమే ఉంచి, దానికి మూత చేయించండి, చిన్న గరిటె వాడండి, సాంబారు విడిగా గిన్నెలో పోయండి. దేంట్లో పెట్టినా, మంచం తల వైపు ఎత్తి, టేబుల్ రోగి చేతికి అందేలా జరిపాకే వడ్డించండి.