సొంత మాస్కు, చేతి కంప్యూటర్: అండమాన్ డైవింగ్‌లో కొన్నేళ్లు వాడాక

విజయవాడలో ఎవరికైనా అండమాన్‌లో డైవింగ్ చేయాలని ఉంటే ముందు రిసార్టు గురించి అడుగుతారు, తర్వాత ఫ్లైట్ రేట్ల గురించి. నేను మాత్రం రెండు వస్తువుల దగ్గర మొదలుపెడతాను: పవర్ అద్దాలున్న మాస్కు, నీళ్లలో లోతు, సమయం చూసే చేతి గడియారం లాంటి డైవ్ కంప్యూటర్. గాలి సిలిండర్, దాని నుంచి నోటితో గాలి పీల్చే రెగ్యులేటర్, జాకెట్, కాళ్లకు తొడిగే ఫిన్స్ డైవ్ సెంటర్లోనే ఇస్తారు, మామూలుగా ఫీజులోనే కలిపేస్తారు. వాటిని గన్నవరం నుంచి మోసుకెళ్లడం దండగ. ఈ రెండు మాత్రం సొంతవి ఉండాలని ఇన్నేళ్ల వాడకం మీద గట్టిగా చెప్పగలను.

నాకు మైనస్ మూడున్నర సైటు. కళ్లజోడు మీద మాస్కు కుదరదు, కాడలు సిలికాన్ అంచును ఎత్తేస్తే నీళ్లు వచ్చేస్తాయి. కాంటాక్ట్ లెన్సులతో దిగేవాళ్లు ఉన్నారు. కానీ మాస్కులోకి నీళ్లు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపే ప్రాక్టీసు కోర్సులో తప్పదు. ఆ కాసేపూ లెన్సు ఎక్కడ పోతుందోనని టెన్షన్. రెండు అద్దాలు విడివిడిగా ఉండే మాస్కు కొంటే మామూలు అద్దం తీసి పవర్ అద్దం బిగించుకోవచ్చు. ఇవి అర పాయింటు తేడాతో రెడీమేడ్‌గా దొరుకుతాయి. కళ్లజోడు చీటీలో విడిగా రాసే సిలిండర్ పవర్ (అస్టిగ్మాటిజం కోసం ఇచ్చేది) వీటిలో ఉండదు. గవర్నర్‌పేటలో నేను వెళ్లే కళ్లద్దాల షాపాయన నా చీటీ చూసి, కొద్దిగా ఉన్న సిలిండర్‌ని సైటులో కలిపి ఏ నంబరు తీసుకోవాలో లెక్కకట్టి ఇచ్చారు. నీళ్లలో ఎలాగూ వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి మిగిలిన తేడా నాకు తెలియలేదు.

అద్దె మాస్కుతో చూస్తే పగడపు దిబ్బంతా రంగుల మసక. సొంత మాస్కుతో షహీద్ ద్వీప్ దగ్గర, అంటే పాత నీల్ ఐలాండ్ దగ్గర, ఒక ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ముందు ఆగాను. అందులో ఉండే క్లౌన్ ఫిష్‌ని అందరూ చూస్తారు. ఆ పక్కనే రాయికి ఒత్తుగా అతుక్కున్న గుడ్లు, వాటి మీదికి రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా కాస్తున్న మగ చేప, పిల్లలు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న గుడ్లలో వెండి రంగు కళ్లు! గైడు వచ్చి భుజం తట్టేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. మాస్కు మీద పెట్టిన డబ్బుకి నాకు ఇదొక్కటి చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొత్త మాస్కు అద్దాల మీద తయారీలో ఏర్పడిన సన్నని పొర ఉంటుంది. అది పోయేదాకా ఎంత ఉమ్మి రాసి కడిగినా ఆవిరి పడుతూనే ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో లోపలివైపు బాగా రుద్దాలి, ఒకసారితో పోదు. మీసం ఇంకో సమస్య. ముక్కు కింద వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. గుంటూరులో ఉండే మా బావమరిది మీసం తీయనంటే తీయనన్నాడు. ముక్కుకి ఆనుకున్న పైవరుస మాత్రం సన్నగా ట్రిమ్ చేయించి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయించాను. పైకి రాగానే అతని మొదటి మాట, "చుక్క కూడా రాలేదు బావా!" ఇక నా మాస్కుది పారదర్శకమైన సిలికాన్, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కింది. పనిలో తేడా లేదు గానీ మళ్లీ కొంటే నలుపే కొంటాను.

కంప్యూటర్‌కి ఇరవై వేలు దాటింది. ఖరీదే, కానీ ట్రిప్ ప్లాన్ మొత్తాన్ని మార్చింది ఇదే. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే అది బుడగలై కీళ్లలో, నరాల్లో ప్రమాదం తెస్తుంది. లోతు, సమయం చూసుకుంటూ ఈ లెక్క కట్టడమే కంప్యూటర్ పని. 18 మీటర్ల దగ్గర పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) టేబుల్ గరిష్ఠంగా 56 నిమిషాలు ఇస్తుంది, కానీ డైవ్ మొత్తం ఆ లోతులోనే గడిపినట్టు లెక్కేస్తుంది. కంప్యూటర్ మనం నిజంగా ఏ లోతులో ఎంతసేపు ఉన్నామో చూస్తుంది. గైడు చేతికీ ఒకటి ఉంటుంది నిజమే. ఆయన 14 మీటర్ల దగ్గర ఉండి, మనం తాబేలు కోసం 17కి దిగితే ఆయన లెక్క మనకు పనికిరాదు. వేగంగా పైకి వస్తుంటే బీప్ కొడుతుంది, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమని కౌంట్‌డౌన్ చూపిస్తుంది.

డైవ్ అయ్యాక తెర మీద చిన్న విమానం బొమ్మ వస్తుంది. అది పోయేదాకా ఫ్లైట్ ఎక్కకూడదు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్‌లో అందరూ పాటించే నియమం. నేను 24 గంటలు ఆగుతాను. చివరి రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం చెన్నై ఫ్లైట్ అని రాసిచ్చే ప్యాకేజీ ఎంత చవకైనా వద్దనండి. ఆ రోజుని తెడ్డుతో నడిపే కయాక్‌కో తెరచాప పడవకో వదిలేయండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. తెరచాపకు గాలి కావాలి, డైవింగ్‌కి గాలి ఉండకూడదు. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలి ఉంటుంది కాబట్టి స్వరాజ్ ద్వీప్ (పాత హావ్‌లాక్) తూర్పు తీరంలో అలలు లేస్తాయి, నీళ్లు మసకబారతాయి. మనవాళ్లు సంక్రాంతి సెలవులకే బుక్ చేస్తారు. దసరాకి వెళ్దామంటే తుపాన్ల రోజులు. నా మటుకు సంక్రాంతి హడావిడి అయ్యాక ఫిబ్రవరి మంచిది, సముద్రం నెమ్మదిస్తుంది, పడవకు సరిపడా గాలి ఇంకా కొంత ఉంటుంది. తెరచాప పట్టడం నేర్చుకోవాలంటే ముందు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద నేర్చుకుని వెళ్లండి. లక్షద్వీప్‌లో కద్మత్, బంగారం దీవుల లగూన్లు (పగడపు దిబ్బల లోపలి ప్రశాంతమైన నీళ్లు) చిన్న పడవలకు ఇంకా బాగుంటాయి, కానీ అక్కడికి మనకూ ఎంట్రీ పర్మిట్ కావాలి.

కంప్యూటర్ ప్రతి డైవ్‌లో నీళ్ల వేడిని కూడా రాసిపెట్టుకుంటుంది. ఫిబ్రవరిలో 28 డిగ్రీలు చూపించిన చోటే ఏప్రిల్ చివర్లో 31 చూపించింది. మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడాలు తమలో ఉండే ఆల్గేని (సన్నని నాచుని) వదిలేసి తెల్లబడిపోతాయి. 2010లో అండమాన్‌లో, 2024లో లక్షద్వీప్‌లో పెద్ద ఎత్తున జరిగింది ఇదే. అందుకే పిల్లల వేసవి సెలవులే కుదురుతాయనేవాళ్లకు డైవింగ్ తగ్గించుకోమని చెబుతాను. ఆ సమయంలో పగడాన్ని ఫిన్‌తో తన్నినా, చేత్తో పట్టుకున్నా ఉన్న బాధకు ఇంకోటి కలిపినట్టే.

కంప్యూటర్‌తో నాకున్న పెద్ద ఫిర్యాదు బ్యాటరీ. నీళ్లు తగలగానే దానంతటదే ఆన్ అవుతుంది, అందుకే తడిగా సంచిలో పెడితే ఊరికే అరిగిపోతుంది. మార్పిద్దామని ఇక్కడే ఒక గడియారాల షాపుకి తీసుకెళితే, అతను నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు 'ఓ-రింగు'ని గుండుసూదితో లేపబోయాడు. సూది గీత ఒక్కటి పడినా లోపలికి ఉప్పునీళ్లు వస్తాయి. అక్కడే ఆపి ఇంటికి తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ కార్డు అంచుతో రింగు తీసి, దూది పోగు కూడా లేకుండా తుడిచి, గ్రీజు రాసి నేనే బిగించాను. ఈ పని ట్రిప్‌కి ముందే ఇంట్లో చేయాలి. చాలా మోడళ్లలో బ్యాటరీ తీస్తే ఒంట్లో నైట్రోజన్ లెక్క చెరిగిపోతుంది, అందుకే డైవింగ్ రోజుల మధ్యలో మార్చకూడదు. వచ్చాక నానబెట్టడానికి బోరు నీళ్లు వద్దు, సెన్సర్ల దగ్గర తెల్లగా పేరుకుంటుంది. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు మంచివి.

ఒక్కసారి సరదాగా 12 మీటర్ల లోపు దిగి చూద్దామనుకునేవాళ్లకు కంప్యూటర్ అనవసరం. మాస్కు మాత్రం సైటు ఉన్న ఎవరైనా కొనొచ్చు. చేతిలోకి రాగానే పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి తీసేసినా పడిపోకపోతే అది మీ ముఖానికి సరిపోయినట్టు. జారిపోతే ఎంత మంచి మాస్కయినా తిరిగి పంపేయండి.