ఈవీ ఫండ్ రివ్యూ: స్పేర్ పార్ట్స్ షాపులో కూర్చుని చూస్తే

అనంతపురంలో నాది ఆటో స్పేర్స్ షాపు. ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గు, క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు... నా అమ్మకాల్లో సగానికి పైగా ఇవే, ఎలక్ట్రిక్ కారుకు వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. రేపు గల్లాపెట్టెలో తగ్గేది ఇంకో దారిలో కొంతైనా రావాలని ఈ కార్లు చేసే కంపెనీల్లో డబ్బు పెట్టాలనుకున్నాను.

మా ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు కియా పేరే చెప్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, క్యారెన్స్ క్లావిస్ ఈవీ కూడా అక్కడిదే. కానీ కియా ఇండియా షేరు మన మార్కెట్లో దొరకదు. "హ్యుందాయ్ కొను అన్నా, రెండూ ఒకటే కదా" అన్నాడు మా షాపుకొచ్చే మెకానిక్. ఒకటి కాదు. కియాలో మూడో వంతు వాటా ఉన్నది కొరియాలోని హ్యుందాయ్‌కి. 2024 అక్టోబరులో షేరు 1,960 రూపాయల చొప్పున తొలిసారి జనానికి అమ్మకానికి (ఇష్యూకి) వచ్చిన హ్యుందాయ్ మోటార్ ఇండియాకు కియాలో వాటా లేదు, పైగా ఇక్కడ రెండూ పోటీదార్లు. ఆ ఇష్యూలో జనం పెట్టిన 27,870 కోట్లు కూడా వాటా అమ్ముకున్న కొరియా కంపెనీకే పోయాయి. పెట్రోలు ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ కార్లలో పేరున్న టొయోటా కిర్లోస్కర్ కూడా ఇక్కడ లిస్ట్ కాలేదు.

అలా తిరిగి తిరిగి ఒక ఈటీఎఫ్ దగ్గర ఆగాను, అంటే షేరులాగే మార్కెట్లో కొని అమ్మే ఫండ్. ఇది నిఫ్టీ ఈవీ అండ్ న్యూ ఏజ్ ఆటోమోటివ్ అనే సూచీని పట్టుకుని నడుస్తుంది, అంటే ఆ సూచీ జాబితాలో ఉన్న కంపెనీల షేర్లే కొంటుంది. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్ (ఎన్ఎస్ఈ) ఈ సూచీని 2024లో తెచ్చింది.

మొదటిసారి కొన్నప్పుడే దెబ్బ తిన్నాను. కౌంటర్లో రద్దీగా ఉంటే ఒక చేత్తో బిల్లు రాస్తూ ఇంకో చేత్తో ఫోన్లో మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకు దొరికితే అంతకు కొనే ఆర్డర్ పెట్టేశాను. ఆ టైంలో అమ్మేవాళ్ళు తక్కువ ఉన్నట్టున్నారు, యూనిట్ అసలు విలువ కంటే దాదాపు రెండు శాతం ఎక్కువకి అంటగట్టారు. కొనే ముందు ఫండ్ వెబ్‌సైట్లో ఆ నిమిషం విలువ చూసి, ఇంతకు మించి ఇవ్వనని ధర కట్టి లిమిట్ ఆర్డర్ పెట్టాలని ఎవరూ చెప్పలేదు. మీరు మాత్రం తప్పకుండా అలాగే చేయండి.

తర్వాత ఒక ఆదివారం ఫండ్‌లో ఉన్న కంపెనీల జాబితా ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఈ కంపెనీ బండికి నేను ఇంకా ఫిల్టర్ అమ్ముతున్నానా? అమ్ముతుంటే టిక్కు. మారుతి, టిక్కు. మహీంద్రా ఎలక్ట్రిక్ బండ్లు తెచ్చింది, నిజమే, కానీ డీజిల్ బండ్లూ ట్రాక్టర్లూ ఉన్నాయి, టిక్కు. బజాజ్‌కి ఎలక్ట్రిక్ చేతక్ ఉంది, పెట్రోలు పల్సరూ ఉంది, టిక్కు. బాష్ అయితే డీజిల్ ఇంజెక్టర్ నాజిల్స్ నా అరలోనే ఉన్నాయి. ఎక్సైడ్ వాళ్ళు బెంగళూరు దగ్గర లిథియం సెల్ ఫ్యాక్టరీ కడుతున్నా, ఇప్పటికి ఎక్కువగా అమ్ముడయ్యేది లెడ్ యాసిడ్ బ్యాటరీలే. పైనున్న పెద్ద కంపెనీల పక్కన దాదాపు అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పేరులో ఈవీ ఉంది గానీ లాభం ఇంకా పెట్రోలు డీజిలుదే.

దానికి రుజువు కూడా కళ్ళారా చూశాను. 2025 ఆగస్టులో జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని చెప్పగానే మారుతి షేరు ఎగిరింది, దాంతోపాటు నా ఫండూ పెరిగింది. తగ్గేది చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, ఈవీకి ముందునుంచీ ఉన్నది 5 శాతమే!

మరి అమ్మేశానా? లేదు. హైబ్రిడ్ కారుకు ఇంజన్ ఉంటుంది, ఆయిల్ మార్చాలి, ఫిల్టర్ కావాలి, అంటే గ్రాండ్ విటారా హైబ్రిడ్ అమ్ముడైతే నా షాపుకీ పని ఉంటుంది, ఫండ్‌లో ఉన్న మారుతికీ లాభమే. మార్పు ఒక్కసారిగా కాకుండా ఇలా నిదానంగా వస్తే ఈ ఫండ్ నాలాంటి వాడికి సరిపోతుంది. కానీ ఒక్కసారిగా వచ్చి పెట్రోలు బండ్ల అమ్మకం పడిపోతే షాపూ ఫండూ కలిసే దెబ్బతింటాయి, నేను దేనికి భయపడి ఇందులో చేరానో దానికి ఇది సగం అండ మాత్రమే.

ఐదుకి మూడు ఇస్తాను. డీమ్యాట్ (షేర్లు దాచుకునే) అకౌంట్ లేనివాళ్ళు ఇదే సూచీ మీద ఫండ్ ఆఫ్ ఫండ్, అంటే మన డబ్బును తీసుకెళ్ళి ఈటీఎఫ్‌లో పెట్టే ఫండ్ తీసుకోవచ్చు, ఈటీఎఫ్ ఖర్చు మీద దాని ఖర్చు కూడా పడుతుంది, అది చూసుకోండి. నేను నెలకు రెండు వేలతో కొనసాగిస్తున్నాను, అంతకు మించి పెంచను.