గ్రావిటీ గరాటు: బొమ్మ భేష్, పుస్తకం బోగస్

తొమ్మిదో తరగతి పిల్లలకి గురుత్వాకర్షణ చెప్పడానికని ఈ గ్రావిటీ గరాటు తెప్పించాను. మూరెడు వెడల్పున్న నల్ల ప్లాస్టిక్ గరాటు, మధ్యలో రంధ్రం (అది భూమి అనుకోవాలి), రెండు సైజుల స్టీలు గోళీలు (ఇవి దాని చుట్టూ తిరిగే ఉపగ్రహాలు), గోళీని జార్చడానికి అంచుకి తగిలించే చిన్న పట్టీ, ఒక పల్చటి పుస్తకం. సరంజామా అంతే.

ముందుగా మెచ్చుకోవాల్సింది గరాటు వంపుని. ఇంతకుముందు నేను చూసిన కొన్ని మోడళ్లు ఏ వంపూ లేకుండా తిన్నగా వాలి ఉండేవి. అలాంటి వాటిలో బయట తిరిగే గోళీయే లోపలి దానికన్నా వేగంగా పోతుంది. అసలు సంగతి దానికి పూర్తిగా రివర్స్. భూమికి ఎంత దగ్గరగా ఉంటే అంత హడావిడి: 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వేగం సెకనుకి దాదాపు 7.7 కిలోమీటర్లు. 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహానిది 3 చిల్లర. చంద్రుడిదైతే ఒక్క కిలోమీటరే. ఈ గరాటు అంచు దగ్గర దాదాపు చదునుగా ఉండి, లోపలికి పోయేకొద్దీ నిటారుగా దిగుతుంది. అందుకే అంచున బద్ధకంగా తిరిగిన గోళీ, రంధ్రం దగ్గరికొచ్చేసరికి కంటికి ఆనదు. గిర్రుమనే చప్పుడే వినిపిస్తుంది.

గోళీని ఊరికే వదిలితే నేరుగా రంధ్రంలోకి పోతుంది. పట్టీ మీదుగా అడ్డంగా వదిలితే చుట్లు తిరుగుతుంది. పాఠమంతా ఇందులోనే ఉంది. రాకెట్ ఉపగ్రహాన్ని పైకి మోసుకెళ్లడం ఒక ఎత్తు, అడ్డంగా తోయడం ఒక ఎత్తు. లెక్క కూడా సులువే. ఏ వస్తువైనా వదిలిన మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది. భూమి ఉపరితలం కూడా 8 కిలోమీటర్ల దూరానికి అంతే, 5 మీటర్లు, వంగుతుంది. అంటే గాలి అడ్డు లేకపోతే, సెకనుకి 8 కిలోమీటర్ల చొప్పున అడ్డంగా దూసుకుపోయేది పడుతూనే ఉంటుంది గానీ నేల మాత్రం దానికి అందదు. ఎత్తైన కొండ మీంచి ఫిరంగి గుండుని అడ్డంగా పేలిస్తే ఏమవుతుందో ఊహించి న్యూటన్ చెప్పింది ఇదే. పెద్ద గోళీ, చిన్న గోళీ ఒకేచోట నుంచి వదిలి చూడండి, మొదటి కొన్ని చుట్లూ ఇంచుమించు ఒకేలా తిరుగుతాయి. కక్ష్యకి బరువుతో పని లేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక లోపాలు. పట్టీ క్లిప్పు వదులు, టేపు వెయ్యాల్సిందే. బల్ల కాస్త వాలుగా ఉన్నా గోళీ దారి తప్పుతుంది.

ఘర్షణ వల్ల ప్రతి గోళీ చివరికి రంధ్రంలో పడుతుంది. "ఉపగ్రహాలు కూడా ఇలాగే పడిపోతాయా టీచర్?" అని పిల్లలు అడగడం ఖాయం. బాగా ఎత్తున ఉన్నవాటిని ఆపడానికి గాలంటూ దాదాపు ఉండదు, కాబట్టి ఇంజను ఆపేసినా తిరుగుతూనే ఉంటాయి. కింది కక్ష్యల్లో పల్చటి గాలి ఉంటుంది, అందుకే అంతరిక్ష కేంద్రాన్ని అప్పుడప్పుడు పైకి నెట్టాల్సి వస్తుంది. తమాషా ఏమిటంటే, గాలి రాపిడికి కిందికి జారే ఉపగ్రహం వేగం తగ్గదు, పెరుగుతుంది. గరాటులో కళ్లెదురుగా కనిపించేదీ అదే. లోపమే పాఠానికి పనికొచ్చింది.

పుస్తకాన్ని మాత్రం క్షమించలేను. "అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే వ్యోమగాములు తేలుతారు" అని బొమ్మ వేసి మరీ అచ్చేశారు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. వ్యోమగామి, నౌక కలిసి ఒకేలా పడుతుంటారు కాబట్టి తేలుతున్నట్టు ఉంటుంది. ఆకర్షణే లేకపోతే ఉపగ్రహం తిన్నగా ఎటో వెళ్లిపోతుంది, భూమి చుట్టూ తిరగడం దేనికి? గురుత్వాకర్షణ చూపించే బొమ్మతో ఈ వాక్యాన్ని ఎలా అమ్ముతున్నారో!

గరాటుకి ఐదు స్టార్లు, పుస్తకానికి సున్నా. కొనండి. పిల్లల చేతికిచ్చే ముందు ఆ పేజీ చించెయ్యండి.